అమ్మ సరేనంది

పొద్దెక్కినా సెలూన్ తెరవకుండా మొగుడు ఇంట్లోనే తచ్చాడుతుంటే ఆమెకు అనుమానం రావాల్సింది. రాలేదు. కొడుకు టీవీలో కనిపిస్తాడంటే ఏ తండ్రి మాత్రం కొట్టు తెరుస్తాడు అనుకుని కాఫీ కలిపి ఇచ్చింది. ఆయన రెండు గుక్కలు తాగి, కప్పు కిటికీలో పెట్టి, మళ్ళీ తీసి, తాగకుండానే మళ్ళీ అక్కడే పెట్టాడు.

"ఒకచోట కూర్చోండి. ఆడేది మీరు కాదు," అంది నవ్వుతూ.

"నాకిలా నిలబడితేనే బాగుంది."

ఆమె డ్రైవింగ్ స్కూల్లో కారు నేర్పుతుంది. ఊళ్ళో సగం మందికి బ్రేకు ఎప్పుడు తొక్కాలో నేర్పిన మనిషి, పక్కసీట్లో కూర్చున్నవాడి ముఖం చూసి వాడు దేనికి కంగారుపడుతున్నాడో చెప్పగలదు. అదేం ఖర్మో, మొగుడి ముఖం మాత్రం ఆమెకు ఎప్పుడూ అర్థం కాదు. ఇంటి దొంగను ఈశ్వరుడైనా పట్టలేడని ఊరికే అన్నారా!

ఆయనది ఈ దేశమే. ఆమె సరిహద్దు అవతలి చిన్న దేశం నుంచి ఈ ఇంటికి కోడలుగా వచ్చింది. వాళ్ళకు ఒక్కడే కొడుకు. చిన్నప్పుడు ఒక్కచోట నిలవకుండా గిర్రున తిరిగేవాడు కాబట్టి ఇంట్లో వాడి పేరు తూనీగ. ఇప్పుడు పెద్ద క్లబ్బులో ఫుట్‌బాల్ ఆడుతున్నాడు. ఆట బాగుంటే చుట్టాలు పెరుగుతారు కదా, తండ్రి దేశమూ రమ్మంది, తల్లి దేశమూ రమ్మంది.

ఇందులో ఒక మెలిక ఉంది. వాడి వయసులో ఉన్న ఆటగాడు ఏ దేశం జట్టుతోనైనా ఊరికే తిరగొచ్చు, బెంచీ మీద కూర్చోవచ్చు. కానీ అసలైన పోటీలో ఒక్క నిమిషమైనా మైదానంలోకి దిగాడంటే జన్మంతా ఆ దేశం తరఫునే ఆడాలి. రెండో దేశం తలుపు మూసుకుపోతుంది. ఎంత ఏడ్చి మొత్తుకున్నా మళ్ళీ తెరుచుకోదు.

అవతలి దేశం జట్టుకు కోచ్ ఎవరో కాదు, ఆమె సొంత అన్నయ్యే. ప్రతి వేసవికీ తూనీగ మేనమామ దగ్గరకే వెళ్ళి ఆట నేర్చుకున్నాడు. "వాడు మన జట్టుకే ఆడతాడు అన్నయ్యా, నాది పూచీ," అని ఆమె ఏనాడో మాట ఇచ్చేసింది.

అందుకే వాడు తండ్రి దేశం జట్టుతో పోటీకి వెళ్తున్నాడన్న కబురు తెలియగానే కొడుకుతో మాట్లాడాలనుకుంది. ఆయనే అడ్డుపడ్డాడు. "వాణ్ణి ఇప్పుడేమీ అడక్కు. మ్యాచ్ ముందు మనసు పాడుచేసుకుంటాడు. ఊరికే బెంచీ మీద కూర్చుని వచ్చేస్తాడు. నాది హామీ," అన్నాడు. ఆమె సరేనని ఊరుకుంది.

ఎక్కడో దూరదేశంలో జరుగుతున్న ఆ మ్యాచ్ ముగింపుకొచ్చింది. బెంచీ మీద నుంచి తూనీగ లేచాడు. పైన వేసుకున్న కోటు విప్పాడు.

"వాడెందుకు లేస్తున్నాడు?" అంది ఆమె.

ఆయన టీవీకి ఇంకో అడుగు దగ్గరగా జరిగాడు.

గీత పక్కన నిలబడి వాడు ఒక్క క్షణం తల వంచుకున్నాడు. అలసిపోయిన ఆటగాడొకడు బయటికి రాగానే వాడు లోపలికి పరిగెత్తాడు. "ఇక ఈ కుర్రాడు మనవాడే! ఎవరూ లాక్కుపోలేరు!" అని టీవీలో వ్యాఖ్యాత గొంతు చించుకున్నాడు. కింది వాటాలో కుర్చీలు జరిపిన చప్పుడు, ఈలలు, కేకలు. మెట్ల మీద నుంచి ఎవరో "కంగ్రాట్స్ అన్నా!" అని అరిచారు. ఆయన తలుపు తీసి చేతులు జోడించాడు. ఆయన కళ్ళు తడిసి ఉన్నాయి.

ఆమె మాత్రం సోఫాలో కూర్చున్నది కూర్చున్నట్టే ఉండిపోయింది.

"నన్ను మోసం చేశాడు," అంది చివరికి. "ఒక్క మాట చెప్పలేదు. నేను కన్న కొడుకు నన్ను నమ్మించి గొంతు కోశాడు. అన్నయ్యకి నా ముఖం ఎలా చూపించను?"

ఆయన తలుపు మూశాడు. తేలు కుట్టిన దొంగలా కాసేపు నిలబడి, "వయసులో ఉన్నాడు. పెద్ద జట్టు, పెద్ద పేరు. ఆశపడ్డాడేమోలే. వదిలెయ్," అన్నాడు.

మ్యాచ్ అయిన కాసేపటికి ఫోన్ మోగింది. తెర మీద కొడుకు బొమ్మ. ఆమె చేయి చాచలేదు. ఆయనే గబగబా అందుకుని బాల్కనీలోకి వెళ్ళి గుసగుసగా మాట్లాడి వచ్చాడు. "అలసిపోయాడు. అమ్మ స్నానానికి వెళ్ళిందని చెప్పాను. నువ్విప్పుడు మాట్లాడితే గొడవవుతుంది," అన్నాడు.

"నాకూ మాట్లాడాలని లేదు."

"అదే మంచిది."

ఆయన హుషారుగా తువ్వాలు భుజాన వేసుకుని స్నానానికి వెళ్ళాడు. లోపల్నుంచి కూనిరాగం కూడా వినిపించింది. ఫోన్ మళ్ళీ మోగింది. మోగి మోగి ఆగింది. వెంటనే మళ్ళీ మోగింది. కడుపుకోతో కోపమో తెలియదు, కడిగిపారేద్దామనే ఆమె ఫోన్ ఎత్తింది.

"అమ్మా, చూశావా?" వాడి గొంతు బొంగురుపోయింది. "నీకు బాధగా లేదు కదా? నువ్వు సరేనన్నావని నాన్న చెబితే నేను నమ్మలేదు. రెండుసార్లు అడిగాను."

ఆమె నోట్లో ఉన్న తిట్లన్నీ అక్కడే ఆగిపోయాయి.

"ఏమన్నానని చెప్పాడు?"

"మామయ్య జట్టు గెలిచేది లేదు, చచ్చేది లేదు, అక్కడికెళ్ళి జీవితం పాడుచేసుకోవద్దని అమ్మ కూడా అంటోంది అన్నాడు. నోరు తెరిచి చెప్పలేక ఏడుస్తోంది, నువ్వడిగి ఇంకా ఏడిపించకు అన్నాడు. ఇక్కడి కోచ్ కూడా, మీ అమ్మ ఒప్పుకుంటేనే దింపుతానని నాన్నకి ఫోన్ చేశాడట. అమ్మ సరేనందని నాన్న చెప్పాడట."

"నేననలేదురా."

"అమ్మా?"

"నేనేమీ అనలేదు! నన్నెవరూ అడగలేదు!"

ఆమె ఫోన్ స్పీకర్‌లో పెట్టి బల్ల మీద ఉంచింది. స్నానాల గది తలుపు తెరుచుకుంది. తల తుడుచుకుంటూ వచ్చిన ఆయన, ఫోన్ చూసి, ఆమెను చూసి, తువ్వాలు చేతిలోనే నలిపేశాడు.

"ఎప్పుడు సరేనన్నాను?" అంది ఆమె. పెళ్ళయిన దగ్గర్నుంచి మీరు అని తప్ప పిలవని నోటి నుంచి ఇప్పుడు వేరే మాట వచ్చింది. "చెప్పు. నువ్వే చెప్పు. నేనెప్పుడు సరేనన్నాను?"

"అది కాదే... నేను మెల్లగా చెబుదామనే..."

"చిలక్కి చెప్పినట్టు చెప్పావుగా, వాణ్ణి అడక్కు అని! నేను వాణ్ణి మోసగాడంటుంటే వింటూ నిలబడ్డావే! కన్నకొడుకు మీద నింద పడుతుంటే నీ నోరు పెగల్లేదే!"

ఆయన గోడకు ఆనుకున్నాడు. "నీకేం తెలుసు?" అన్నాడు. ముందు అరిచినట్టే మొదలుపెట్టాడు కానీ గొంతు మధ్యలోనే జారిపోయింది. "గడ్డం గీయించుకోవడానికి వచ్చిన ప్రతివాడూ 'మీవాడు అటేనటగా' అని పొడిచేవాడు. కత్తి నా చేతిలో, పోటు వాళ్ళ నోట్లో! వాడు ఈ వీధిలో బంతి ఆడుకునే రోజుల్లో కూడా సగం మనవాడు అనేవాళ్ళు. నీకు వినపడలేదేమో, నాకు వినపడేది. ఒక్కసారి, ఒక్కసారి వాణ్ణి పూర్తిగా మనవాడు అంటే వినాలనుకున్నాను. అది తప్పా?"

"తప్పే నాన్నా," అంది ఫోన్.

ఇద్దరూ ఉలిక్కిపడ్డారు. వాడక్కడే ఉన్నాడన్న సంగతే మరిచిపోయారు.

"నాకు మామయ్య జట్టుకే ఆడాలని ఉండేది," అన్నాడు తూనీగ. "ఓడిపోయినా సరే. ఇప్పుడు గీత దాటేముందు కూడా, అమ్మ వద్దంది కాబట్టి సరే అనుకుని దాటాను. ఇంక ఎవరేం చేసినా వెనక్కి రాలేను కదా."

ఆయన పీట మీద కూలబడిపోయి ముఖం తువ్వాల్లో దాచుకున్నాడు. ఆమెకు జాలి కలగలేదు. ఇంకో మాట అనడానికి నోరు తెరిచింది. ఈలోగా వాడే అడిగాడు.

"అమ్మా, నాన్న వద్దన్నాడే అనుకో. నువ్వెందుకు అడగలేదు నన్ను?"

ఎంత చిన్న ప్రశ్న! జవాబు నోటి చివరే ఉంది. నీ మనసు పాడవుతుందని ఆగాన్రా అంటే సరిపోతుంది. కానీ అది అబద్ధమని ఆమెకు ఆ క్షణంలోనే తెలిసింది. అడిగితే వాడు నాన్న దేశమే కావాలంటాడేమోనని భయం. అన్నయ్యకి మాట ఇచ్చినప్పుడు కూడా అందుకే వాణ్ణి అడగలేదు. మొగుడు అడక్కు అన్నప్పుడు లోపల్లోపల హాయిగా ఊపిరి పీల్చుకుంది. వాడి తరఫున ఆయన ఒక దేశానికి సరేనంటే, తను ఇంకో దేశానికి సరేనంది.

"భయపడ్డానురా," అంది. కన్నీళ్ళు అప్పుడు ఆగలేదు. "నువ్వు కాదంటావేమోనని భయపడ్డాను."

ఆయన తువ్వాలు పక్కన పెట్టి తల ఎత్తాడు. "బావకి నేను చెబుతాను," అన్నాడు. తన ఫోన్ తీసి, స్పీకర్‌లో పెట్టి, ఆమె ముందే, కొడుకు వింటుండగానే కలిపాడు. ఒక్క ముక్క దాచలేదు. అబద్ధం తనదేనని, ఆమె తప్పేమీ లేదని, పిల్లాడి తప్పు అసలే లేదని చెప్పాడు.

"పెద్ద దెబ్బే కొట్టావు బావా," అన్నాడు మేనమామ. "నిన్ను ఇప్పుడేమైనా అంటే నోరు జారతాను. ఒక్కటి మాత్రం వాడికి చెప్పు. మా జట్టుకి ఆడనివాడు మేనమామ ఇంటికి రాకూడదని ఏ రూల్లోనూ రాసి లేదు. వేసవికి వాడి మంచం వాడికే ఉంటుంది."

ఫోన్లో తూనీగ వెక్కి వెక్కి ఏడ్వడం వినపడింది. చిన్నప్పుడు మోకాలు చెక్కుకుపోయినా ఏడవని పిల్లాడు.

ఆమె ముఖం తుడుచుకుని ఫోన్ చేతిలోకి తీసుకుంది. ఎప్పుడొస్తున్నావురా అనబోయింది. ఆగింది.

"నీకు ఇంటికి రావాలని ఉందా?" అని అడిగింది.

వాడు ఆలోచించాడు. "ఇప్పుడే కాదమ్మా. ముందు మామయ్య దగ్గరికి వెళ్తాను."

గుండె కలుక్కుమంది. అయినా, "వెళ్ళు," అంది. ఎదురుగా కూర్చున్న మనిషిని చూసి, మెల్లగా, "మీ నాన్నకి ఏం చెప్పమంటావు?" అంది.

"నువ్వేం చెప్పకు. ఫోన్ ఆయనకివ్వు."

ఆమె ఇచ్చింది. ఆయన రెండు చేతులతో అందుకున్నాడు.