ఉమ్రావ్ బేగం గది

పొద్దున్నే వరండాలోకి వచ్చిన రజాక్ సాబ్ పాత కూలర్‌కు తట్టుకుని బొంతల కుప్ప మీద పడ్డాడు. మంచిర్యాల స్టేషన్ వెనక వీధిలో ఆయన ఇల్లు చిన్నదే. అందులోని స్టోర్ గది సామానంతా ఆ రోజు వరండాలో ఉంది. గదిలో మాత్రం కడిగిన నేల, చాప, గోడకు ఆనించిన దిండు, కిటికీలో పుదీనా కుండీ ఉన్నాయి. మధ్యలో ఆయన భార్య ఉమ్రావ్ బేగం నిలబడి ఉంది.

"గిదేంది బేగం?"

"నా గది. రోజూ సాయంత్రం అసర్ నమాజ్ అయినంక గంటసేపు తలుపేసుకుంట. ఎవ్వరు పిలువొద్దు."

"గంటసేపు ఏం జేస్తవ్?"

"ఏం జెయ్య. గదే పని."

కోడలు నూరీన్ కిసుక్కున నవ్వింది. "కూసోనియ్యుండ్రి అబ్బాజాన్. అమ్మీకి అరవై ఏండ్లొచ్చినయ్."

రజాక్ సాబ్ ఒప్పుకోవడమే కాదు, గర్వపడ్డాడు కూడా. గర్వం వచ్చాక ఆయన నోటిని పట్టుకోవడం ఎవరి తరం? మొదటి రోజు చాయ్ హోటల్లో, "మా బేగం శాంతిగా కూసునేటందుకు గది వెట్టుకుంది" అన్నాడు. అది నిజమే. రెండో రోజుకు ఆ గదిలో కూర్చుంటే తలనొప్పి పోతుందన్నాడు. నాలుగో రోజుకు బేగం బీపీ రెండువందల నుంచి దిగివచ్చింది. ఆమెకు బీపీయే లేదు! వారం తిరిగేసరికి కుంటిమేక ఒకటి ఆ గదిలో దూరి, బయటికొచ్చి గోడ దూకి పోయింది.

ఎనిమిదో రోజు సాయంత్రం బేగం తలుపేసుకుందో లేదో, బయట దబదబా బాదారు. ఎదురింటి కొమురవ్వ మోకాళ్లు పట్టుకుని నిలబడి ఉంది. ఆమె వెనక ఇంకో ఆరుగురు.

"జర జరుగు చెల్లె. మేకకే తగ్గిందట, నాకు తగ్గదా?"

బేగం బురఖా వేసుకుని ఇంట్లోంచి వెళ్లిపోయింది.

చీకటి పడుతున్నా రాలేదు. "అమ్మీ ఏడికి వోయింది?" అని రజాక్ సాబ్ కోడల్ని నిలదీశాడు.

"స్టేషన్‌కు పోయి ఉంటది."

"ఏ ఊరికి?"

"ఊరికి కాదు అబ్బాజాన్. బుధవారం బుధవారం కూరగాయలకని చెప్పి, ప్లాట్‌ఫారం టికెట్ కొనుక్కుని ఆడ కూసుంటుండె. ఏడాది నుంచి. గది జేసుకున్నంకనే బంద్ జేసింది."

ప్లాట్‌ఫారం చివరి బెంచీ మీద బేగం వెనక్కి ఆనుకుని, కళ్లు మూసుకుని ఉంది. ఎదురుగా బొగ్గు బండి చెవులు పగిలేలా పోతోంది.

"గీ లొల్లిల ఏం శాంతి బేగం?" అని అరిచాడాయన.

"గీ బండి ఎంత లొల్లి వెట్టినా నన్ను పిలువది." ఆమె కళ్లు తెరవలేదు. "ఇంట్ల పొద్దుందాక బేగం, బేగం. అద్దాలేవీ, చెప్పులేవీ. నలభై ఏండ్లకు ఒక్క గది అడిగిన. గది గూడ ఊరంతా పంచిండ్రు."

రజాక్ సాబ్ నోరు తెరిచాడు. పుట్టి బుద్ధెరిగాక ఆ నోరు ఖాళీగా మూసుకోవడం అదే మొదటిసారి. రుమాలుతో కళ్లు తుడుచుకున్నాడు.

"నడువు. రేపు నేను జూసుకుంట."

మర్నాడు వరండాలో తొమ్మిదిమంది జమయ్యారు. రజాక్ సాబ్ గది తలుపుకు అడ్డంగా నిలబడ్డాడు.

"ఇనుండ్రి. నేను జెప్పిందంత అబద్ధం. బీపీ లేదు, మేక లేదు."

కొమురవ్వ ఆయన్ని ఎగాదిగా చూసింది. "నువ్వెన్నడన్న అబద్ధమని ఒప్పుకున్నవా భాయ్? లోపల గట్టిదే ఏదో ఉన్నది, దాస్తున్నవ్."

"లోపల మా బేగం ఉన్నది కొమురవ్వా. గంతే." ఆయన చేతులు జోడించాడు. "మీ మోకాళ్లకు కాదు, ఆమెకు కావాలె గా గది. గొప్పలకు వోయి నేనే ఖరాబ్ జేసిన. జర కూసోనియ్యుండ్రి."

ఒక్కొక్కరే కదిలారు. అందరికన్నా వెనక కొమురవ్వ, మోకాళ్ల సంగతే మరిచిపోయి, చప్పుడు కాకుండా మునివేళ్ల మీద నడిచి వెళ్లింది.

నూరీన్ బజారుకు పోయింది. రజాక్ సాబ్ వంటింట్లోకి వెళ్లి, చాయ్ తానే పెట్టుకున్నాడు. చక్కెర కోసం నాలుగు డబ్బాలు తీశాడు. ఒకదాంట్లో ఉప్పు, ఒకదాంట్లో రవ్వ, మిగతా రెంటిలో పప్పులు. అలవాటు కొద్దీ "బే..." అనబోయి, చటుక్కున నోటికి చెయ్యి అడ్డం పెట్టుకున్నాడు.

తలుపు వైపు ఒకసారి చూసి, చక్కెర లేని చాయ్ నెమ్మదిగా తాగేశాడు.