అత్తయ్య ఇచ్చిన కిడ్నీ

ఆ ఉదయం కోడలికి చెప్పులు పట్టలేదు. గడప మీద కూర్చుని, ఉబ్బిన పాదాన్ని ఎలాగోలా దూర్చాలని అవస్థ పడుతోంది. కళ్ళజోళ్ళ కొట్టులో అద్దాలు అరగదీసే పని ఆమెది. ఆలస్యమైతే యజమాని సణుగుతాడు.

"ఆ కాళ్ళేమిటే?" అంది వెనకనుంచి అత్తగారు.

"రాత్రి నిద్ర లేదత్తయ్యా."

"నిద్ర లేకపోతే కళ్ళు ఉబ్బుతాయి, కాళ్ళు కాదు. నా దగ్గరా నాటకాలు?"

పద్నాలుగేళ్ళ క్రితం కోడలికి రెండు కిడ్నీలూ పాడయ్యాయి. కన్నతల్లి లేదు, భర్త రక్తం సరిపడలేదు. "నాది చూడండి" అని ముందుకొచ్చింది అత్తగారే. చుట్టాలంతా ముక్కున వేలేసుకున్నారు. కానీ ఆనాటినుంచీ ఆవిడ కాపలా మానలేదు. నీళ్ళు తాగావా, మాత్ర మింగావా, ఉప్పు డబ్బా దగ్గర నీకేం పనే అంటూ వెంటపడేది. ఇంటికొచ్చినవాళ్ళతో "మా కోడలికి నేను పెట్టిన నగ పైకి కనిపించదు" అని నవ్వేది.

ఆ కిడ్నీ పని అయిపోవచ్చిందని, డయాలసిస్‌కి సిద్ధం కావాలని కిందటి వారం డాక్టరు చెప్పేశాడు. ఇంకొకరిది పెడదామన్నా ఆమె ఒళ్ళు దాన్ని నిలవనివ్వదట. ఈ సంగతి అత్తగారికి చెప్పనని భర్తతో ఒట్టు వేయించుకుంది. ఇక దాచి లాభం లేదు.

"పోతోందత్తయ్యా... మీరిచ్చింది."

అత్తగారు గోడ పట్టుకుంది. "ఏం చేశావే దాన్ని?"

కోడలికి ఒళ్ళు మండిపోయింది. "ఏం చేశానా? ఒక్క పూట మాత్ర మానలేదు. దానికి భారమవుతుందేమోనని పిల్లల మీద ఆశే చంపుకున్నాను. ఇంకేం చెయ్యాలి, నెత్తిన పెట్టుకుని తిరగమంటారా?"

"మరి ఊరికే పోతుందా?"

"ఊరికే పోతుంది! లోపల మెల్లగా గట్టిపడిపోతుందట. ఇన్నేళ్ళు పనిచేయడమే గొప్పన్నాడు డాక్టరు. ఎవరి తప్పూ లేదట."

అత్తగారు అక్కడే కూలబడింది. పలికిన గొంతు ఆవిడదిలా లేదు.

"నాదే మంచిది కాదేమోనే. ఇచ్చేనాటికే నాకు వయసు మళ్ళింది. కుర్రవాళ్ళదైతే ఇంకా నిలిచేదని ఆసుపత్రిలో ఎవరో అనుకుంటుంటే విన్నాను. అప్పటినుంచీ భయమే. నీ మొహం కాస్త వాడితే నా గుండె జారిపోయేది. అందుకే నీ ప్రాణం తీసేదాన్ని."

కోడలు చెప్పులు పక్కకి నెట్టేసింది. ఇన్నేళ్ళూ ఆ సణుగుడంతా పెత్తనమనుకుంది. ఇచ్చినదానికి వసూలు చేసుకుంటోందని పక్కింటావిడతో చెప్పుకుంది కూడా.

"నా రెండోది..." అని ఆగిపోయింది అత్తగారు. ఉన్న ఒక్కటీ తీయడానికి ఎవరూ ఒప్పుకోరని ఇద్దరికీ తెలుసు. "పోనీ, దాన్ని తీసేస్తారా?"

"తీయరట. లోపలే ఉంచేస్తారు."

"నాకంటే ముందు నువ్వు పోకే."

ఆ మాట ఇవ్వడం కోడలి వల్ల కాలేదు. జరిగి పక్కన కూర్చుంది. అత్తగారి చేతిని తీసుకుని పొత్తికడుపుకి కుడిపక్కన, ఆ కిడ్నీ పెట్టినచోట, చీర మీదే ఆనించుకుంది. ఇన్నేళ్ళలో ఆవిడ ఎన్నడూ అక్కడ చెయ్యి వేసి ఎరగదు.

ముడతలుపడ్డ వేళ్ళు మెల్లగా తడిమి ఆగిపోయాయి.

"వెచ్చగానే ఉందే," అంది అత్తగారు. అని, చంటిపిల్లలా ఏడ్చేసింది.