ఊదా మూత ట్యూబు

తొమ్మిదింటికి మౌని రక్తం ఇచ్చాడు. పదింటికల్లా అతను ఏ క్షణాన్నైనా పోవచ్చని తేలింది.

మౌని అతని అసలు పేరు కాదు. శత్రువుల చేతికి చిక్కి పదిహేడు రోజులు పెదవి విప్పనందుకు డిపార్టుమెంటు పెట్టిన పేరది. ఆ రోజు అతని డ్యూటీ అరగంటే. విదేశీ ముఠా రహస్య సంకేతాలన్నీ విప్పేసిన సైంటిస్టు పదకొండింటికి కోర్టులో సాక్ష్యం చెప్పాలి. ఆయన నోరు విప్పితే ముఠా మొత్తం బోనెక్కుతుంది. కారులో ఆయన పక్క సీటు మౌనిది. ఆ ఒక్క సీటు మీదే ఆయన ప్రాణం ఆధారపడి ఉందని చీఫ్ బ్రీఫింగులో రెండుసార్లు చెప్పాడు.

ఇంకో జాగ్రత్త కూడా ఉంది. కారెక్కే ముందు సైంటిస్టు "గొడుగు తెచ్చారా?" అని అడుగుతాడు. సరైన జవాబు వస్తేనే ఎక్కుతాడు. ఆ జవాబు సైంటిస్టుకీ మౌనికీ తప్ప చీఫ్‌కి కూడా తెలియదు.

మిషన్ ముందు ప్రతి ఏజెంటుకీ రక్తపరీక్ష తప్పదు. ఫిట్ అని డాక్టరు సంతకం పెట్టాలి. అన్‌ఫిట్ అయితే బదులు ఎవరు వెళ్ళాలో కూడా ఆమే రాసివ్వాలి. డాక్టరు కారిడారులో నడిచి వెళ్తే టైపు మిషన్ల చప్పుడు ఆగిపోయేది, అంత అందగత్తె. మౌని ఒంటి మీద ఆమె వేసిన కుట్లు ఇరవై మూడు. పోయిన వారం అతను ధైర్యం చేసి పెళ్ళి మాటెత్తితే, ఈ మిషన్ అయ్యాక చెప్తానని నవ్వింది. అప్పటినుంచీ అతనికి కాళ్ళు నేల మీద లేవు.

అలాంటి మనిషి ఇప్పుడు రిపోర్టు పట్టుకుని తెల్లబోయిన ముఖంతో వచ్చింది. పొటాషియం ఐదు దాటకూడదట, అతనిది ఎనిమిది పాయింట్ తొమ్మిది. గుండె లయ తప్పి ఆగిపోవచ్చు, మంచం దిగొద్దంది. ఈసీజీ మిషన్ రిపేరులో ఉందట. గుండెను కాపాడే ఇంజెక్షన్ సిద్ధం చేసుకొస్తానని పక్క గదిలోకి వెళ్ళింది. బదులు మనిషిని అప్పటికే కిందికి పంపేసింది. మౌని గుండె మీద చెయ్యేసుకుని పడుకున్నాడు. అది మామూలుగానే కొట్టుకుంటోంది.

తలుపు తోసుకుని పిన్ని వచ్చింది. ల్యాబ్ టెక్నీషియన్ ఆమె. ఆఫీసులో చిన్నా పెద్దా అందరికీ పిన్నే. చేతిలో సిరంజీలు పెట్టిన ట్రే ఉంది.

"మళ్ళీ రక్తం తీయాలి. డాక్టరమ్మ వద్దంది కానీ, ఒక్క శాంపిల్ చూసి మనిషిని చావుబతుకుల్లో పెట్టడం నాకు నచ్చదు."

ఆమె వరసగా ప్రశ్నలు వేసింది. కిడ్నీ జబ్బుందా, బీపీ మాత్రలు వాడుతున్నావా, ఒళ్ళు నలిగేలా దెబ్బలేమైనా తగిలాయా అని. అన్నిటికీ లేదన్నాడు. రక్తం తీసేటప్పుడు పట్టీ గట్టిగా బిగించి పిడికిలి మూసి తెరిపించినా, రక్తకణాలు ట్యూబులో చితికినా పొటాషియం ఉత్తినే పెరిగినట్టు కనిపిస్తుందని చెప్పింది. అదీ జరగలేదు.

"అయితే ఇది విను. పొటాషియం ఇంత పెరిగితే నేను అదే ట్యూబులో కాల్షియం కూడా చూస్తాను. ఎవరూ అడగరు, నా అలవాటు. తొమ్మిది ఉండాల్సింది నీకు రెండుంది. నిజంగా రెండుంటే ఈపాటికి చేతులు కొంకర్లు పోయి, మూర్ఛలొచ్చి పడుండేవాడివి. నువ్వేమో మెట్లెక్కి వచ్చావు."

"అంటే?"

"ఊదా మూత ట్యూబులో రక్తం గడ్డకట్టకుండా ఒక మందుంటుంది. అది పొటాషియం ఉప్పు, కాల్షియాన్ని పట్టేస్తుంది. ఆ రక్తం ఈ పరీక్షకి వాడే ఎర్ర మూత ట్యూబులో పోస్తే పొటాషియం కొండెక్కుతుంది, కాల్షియం పాతాళానికి పోతుంది. నీ ఊదా ట్యూబు గీత దాకా ఉండాలి. సగమే ఉంది."

మౌని లేచి కూర్చున్నాడు. ఆ ఉదయం పిన్నిని లేబుళ్ళు తెమ్మని పంపి, రక్తం డాక్టరే తీసింది. వెనక్కి తిరిగి రెండు ట్యూబుల మూతలూ విప్పడం అతను చూశాడు. ఇంకొకరు ఆ పని చేసుంటే అక్కడే చెయ్యి పట్టుకునేవాడు. చేసింది ఆమె కాబట్టి ఆమె జడ చూస్తూ కూర్చున్నాడు.

పది ఇరవై ఎనిమిది. డాక్టరు సిరంజితో వచ్చింది. పిన్నిని చూసి ఆగింది.

"నా బదులు వెళ్ళేవాడు గొడుగు జవాబు అడగడానికి నా దగ్గరికి రాలేదేం?" అన్నాడు మౌని మెల్లగా.

ఆ జవాబు అతను ప్రపంచంలో ఒక్కరికే చెప్పాడు, పోయిన వారం, నవ్వించడానికి. ఆమె సిరంజి ఎత్తింది. అతను మణికట్టు పట్టుకున్నాడు. సూది చొక్కాకి వెంట్రుకవాసిలో ఆగింది.

"ఇది నిద్రమందే. నిన్ను చంపకూడదని ముఠా దగ్గర మాట తీసుకున్నాను."

"చంపినా ఇంత నొప్పి ఉండేది కాదు."

ఆమె చేతిని మంచానికి బేడీతో బిగించి, పిన్నిని కాపలా పెట్టి పరిగెత్తాడు. చావుబతుకుల్లో ఉన్న మనిషి ఐదంతస్తులు నిమిషంలో దిగాడు. సైంటిస్టుతో కారు అప్పటికే గేటు దాటింది. అతని వాచీ కీ వెనక్కి తిప్పితే ఆ కారు ఇంజన్ ఆగిపోతుంది, సీటు బెల్టులు బిగుసుకుంటాయి. కాకపోతే వంద గజాల లోపు ఉండాలి. వీధి మలుపు దాకా ఎగశ్వాసతో పరిగెత్తి కీ తిప్పాడు. కారు కీచుమని ఆగింది. పక్క సీటువాడి చెయ్యి బెల్టు కింద ఇరుక్కుపోయింది. పిస్టలు సగమే బయటికొచ్చింది.

"కోడ్ సరిగ్గానే చెప్పాడే," అన్నాడు సైంటిస్టు.

"చెప్తాడు. నేర్పింది నేనే," అన్నాడు మౌని, పిస్టలు లాక్కుంటూ.

సాక్ష్యం పదకొండింటికి మొదలైంది. మధ్యాహ్నం పిన్ని మళ్ళీ రక్తం తీసి, మిషన్‌లో పెట్టి, కాగితం తెచ్చి చేతిలో పెట్టింది.

"నాలుగు పాయింట్ రెండు. నీకే జబ్బూ లేదు."

మౌని కాగితం మడిచి జేబులో పెట్టుకున్నాడు.

"జబ్బే ఉంటే బాగుండేది, పిన్నీ. కనీసం ఆమె చెప్పింది నిజమయ్యేది."

పిన్ని సూది గుచ్చిన చోట దూది తీసి, రక్తం ఆగిందో లేదో చూసింది.

"పదిహేడు రోజులు నోరు మూసుకున్నావటగా," అంది చివరికి. "పద్దెనిమిదో రోజు కూడా మూసుకోవాల్సింది."