మూడో ప్రకటనకు ఏడుగురి అభ్యంతరం

"మీరు గంటసేపు చెప్పినదాంట్లో పిల్లలకు ఒక్క ముక్క అర్థం కాలేదండీ. నిజం చెప్పాలంటే నాకూ కాలేదు."

మాచర్ల హైస్కూలు వరండాలో, చూరు నుంచి వాన ధారగా కారుతుంటే, లెక్కల టీచరు దయామణి ఈ మాట అనేసింది. అనిపించుకున్నవాడు సాగర్ డ్యాములో జూనియర్ ఇంజనీరు ప్రభాకరరావు. డ్యాము గోడ ఇంకా సగం కూడా లేవని రోజులవి. హెడ్మాస్టరు బతిమాలితే దాని గురించి చెప్పడానికి వచ్చి, క్యూసెక్కులూ టన్నులూ అంటూ ఇంగ్లీషులో దంచేశాడు పాపం.

"చప్పట్లు కొట్టారు గదండీ!"

"అది బెల్లు కొట్టినందుకండీ."

ప్రభాకరరావు చెవులు ఎర్రబడ్డాయి. "వచ్చే ఆదివారం మళ్ళీ వస్తా. అప్పుడూ అర్థం కాకపోతే చెప్పండి."

"రండి. గొడుగు కూడా తెచ్చుకోండి" అంది, తడిసి ముద్దయిన అతని చొక్కా చూసి నవ్వాపుకుంటూ.

ఆదివారం చర్చి అయ్యాక నిజంగానే వచ్చాడు. ఈసారి ఇంగ్లీషు తేలేదు. ఒక కిరసనాయిలు డబ్బా, గజం రబ్బరు గొట్టం తెచ్చాడు.

క్లాసులో ఏడుగురే ఉన్నారు. వాళ్ళంతా కాంపోజిట్ లెక్కలు తీసుకున్నవాళ్ళు. ఆ లెక్కలు లేకపోతే కాలేజీలో ఇంజనీరింగు వైపు దారి మూసుకున్నట్టే. ఆ బడిలో అవి చెప్పగలిగింది దయామణి ఒక్కతే.

డబ్బాకు పైన, నడుమ, అడుగున మూడు బెజ్జాలు. బల్ల మీద పెట్టి నీళ్ళు పోశాడు. అడుగు బెజ్జంలోంచి నీళ్ళు అన్నిటికంటే దూరం దూకి ముందు వరుసలో షబ్బీర్ చొక్కా తడిపేశాయి.

"అడుగున తోపు ఎక్కువ సారూ!" షబ్బీర్ ఎగిరి గంతేశాడు. "అందుకేనా డ్యాము కింద అంత మందంగా కడతన్నారు?"

"అందుకేరా!"

మేరీ చెయ్యెత్తింది. "చెరువు నీళ్ళు గట్టిగా తోస్తాయా సారూ, అంతే లోతున్న బావి నీళ్ళా?"

"చెరువే గదే. అన్ని నీళ్ళుంటే!" అంది దయామణి.

ప్రభాకరరావు పై బెజ్జాలు మైనంతో మూసి, అడుగు బెజ్జానికి రబ్బరు గొట్టం బిగించి, రెండో కొస మేరీ చేతికిచ్చి, డబ్బాలో మళ్ళీ నీళ్ళు పోశాడు. "డబ్బా పక్కనే నిలువుగా ఎత్తి పట్టుకో. డబ్బా చెరువనుకో, గొట్టం బావి. చెరువు తోపు ఎక్కువైతే నీళ్ళు గొట్టంలోంచి పొంగి పోవాలి."

పొంగలేదు. డబ్బాలో ఎంత ఎత్తున ఉన్నాయో గొట్టంలోనూ సరిగ్గా అంతే ఎత్తున నిలబడ్డాయి.

"నేను తప్పు చెప్పానర్రా" అంది దయామణి, కళ్ళు పెద్దవి చేసుకుని. "మేరీ, బోర్డు మీద రాయి. తోపు లోతును బట్టి ఉంటుంది, వెడల్పును బట్టి కాదు."

పిల్లల ముందు ఇంత సంతోషంగా తప్పు ఒప్పుకునే టీచర్ని ప్రభాకరరావు తన చదువు మొత్తంలో చూడలేదు. మన ఇంజనీరు పడిపోయింది అక్కడే.

ఆ తర్వాత ప్రతి ఆదివారం ప్రాజెక్టు లారీలో దుమ్ము కొట్టుకుని దిగేవాడు. కొలవకుండా ఒక్క అంకె రాసినా పిల్లల్ని వదిలిపెట్టేవాడు కాదు. పాఠం పిల్లలకు చెబుతూ చూపు మాత్రం కిటికీ దగ్గర కూర్చున్న టీచరు వైపు పోనిచ్చేవాడు. పిల్లలు ఆ చూపులు కూడా లెక్కపెట్టేవాళ్ళు. ఒకసారి పదిహేడు వచ్చాయి.

నవంబరులో అందరూ ఎత్తిపోతల జలపాతానికి వెళ్ళారు. రాయి వదిలి, అది నీళ్ళలో పడేందుకు పట్టిన సమయాన్ని బట్టి లోతు కట్టాలని పథకం. ప్రభాకరరావు రాళ్ళు వదులుతున్నాడు. దయామణి గడియారం పట్టుకుని చూస్తోంది. జలపాతం హోరులో మాట వినపడదు గదా అని అతను ధైర్యం చేశాడు.

"మిమ్మల్ని పెళ్ళి చేసుకోవాలనుందండీ!"

"ఏందీ? వినపడలా!"

"పెళ్ళి! మనిద్దరికీ!"

"నాకు మొదటిసారే వినపడిందిలెండి" అంది దయామణి, సిగ్గుతో తలవంచి. "మళ్ళీ అంటారేమోనని అడిగా."

వెనక బండ మీద ఏడుగురూ చప్పట్లు కొట్టారు. ఈసారి ఏ బెల్లూ మోగలేదు.

దయామణి తండ్రి, ఈపూరు ఇశ్రాయేలు మాస్టారు, సంతోషంగా ఒప్పుకున్నాడు. నరసరావుపేటలో ఉండే ప్రభాకరరావు తల్లి కృపమ్మా సరేనంది. పెళ్ళికి ముందు మూడు ఆదివారాలు చర్చిలో ఇద్దరి పేర్లూ చదివి, అభ్యంతరమున్నవాళ్ళు లేచి చెప్పమనడం ఆచారం. జనవరిలో రెండు ప్రకటనలు నిమ్మళంగా అయిపోయాయి.

మూడో ఆదివారం పాస్టరు అబ్రహాము అయ్యగారు పేర్లు చదివి, కాగితం మడవబోతుంటే మేరీ లేచింది. వెనక వరుసలోంచి షబ్బీర్, రబియా, శేషారత్నం, క్లాసులోని మరో ముగ్గురూ లేచారు. వీళ్ళలో సగం మంది చర్చి గడప తొక్కడం అదే మొదలు.

"ఏమే మేరీ, నవ్వులాటగా ఉందా?"

"కాదయ్యగారూ. అభ్యంతరముంటే లెమ్మన్నారుగా. లేచాం."

చర్చి అంతా గుసగుసలు.

"పెళ్ళయితే టీచరమ్మ ఉద్యోగం మానేసి డ్యాము క్వార్టర్సుకు పోతదంట" అంది మేరీ. "కృపమ్మగారే చెప్పారు. మార్చిలో మా పరీక్ష. వేరే టీచరు లేరు. మమ్మల్ని మామూలు లెక్కల్లో కలిపేస్తే మేం ఇంజనీర్లం ఎట్టా అవుతాం?"

"లోకంలో లేని చోద్యం!" ప్రకటన వినడానికి నరసరావుపేట నుంచి వచ్చిన కృపమ్మ లేచింది. "పెళ్ళయిన పిల్ల మొగుడి కాడ ఉండొద్దంటే?"

అయ్యగారు పెళ్ళికొడుకు వైపు తిరిగాడు. "ఏందయ్యా ప్రభాకరం?"

"అదీ... అట్టాగే అనుకున్నామండీ."

"సారూ, టీచరమ్మని అడిగారా?" అన్నాడు షబ్బీర్.

ప్రభాకరరావు క్వార్టర్సుకు సున్నం వేయించాడు, మంచం చేయించాడు, గుమ్మానికి పరదా కూడా కొన్నాడు. ఆమెను మాత్రం అడగలేదు. సిగ్గుతో ముఖం కందిపోయింది.

"అడగలారా" అన్నాడు.

మగవాళ్ళ వైపు నుంచి నడవ దాటి, అందరూ నోళ్ళు తెరుచుకుని చూస్తుండగా, ఆడవాళ్ళ వైపు వచ్చి నిలబడ్డాడు. "దయామణీ, నీకు ఉద్యోగం మానాలనుందా?"

ఆమె తలెత్తింది. కళ్ళలో నీళ్ళు. "లేదండీ. చెబితే సంబంధం తప్పిపోతుందేమోనని భయపడ్డా. నాకు మీరూ కావాలి, నా క్లాసూ కావాలి."

"అయితే కాపురం మాచర్లలోనే పెడదాం. రోజూ డ్యాముకు నేనే పోయొస్తా."

"రోజూ పదిహేను మైళ్ళా? ఆ దుమ్ములోనా?" అంది కృపమ్మ.

"ఆరు నెలలుగా ఆ దుమ్ములోనే గదమ్మా వస్తన్నా. ఒక్కసారన్నా విసుక్కున్నానా?"

కృపమ్మ కొడుకు ముఖం చూసింది. పిల్ల ముఖం చూసింది. ఇంకా నిలబడే ఉన్న ఏడుగురినీ చూసింది. కొంగుతో కళ్ళు ఒత్తుకుని, "నా కోడలు చెప్పే లెక్కల కోసం ఇంతమంది లేచారంటే, దాన్ని వంటింట్లో కూర్చోబెట్టేదానికి నాకు మనసు రాదయ్యా. మాచర్లలోనే ఉండండి. నేనూ వచ్చి ఉంటా" అంది.

దయామణి ఆమె చేతులు పట్టుకుని ఏడుస్తూ నవ్వేసింది.

"అభ్యంతరం తీరిందా?" అన్నాడు అయ్యగారు, తనూ నవ్వుతూ.

ఏడు తలలూ దగ్గర చేరి గుసగుసలాడాయి. చివరికి మేరీ గొంతు సవరించుకుంది.

"తీరిందండీ. కానీ పెళ్ళి మాత్రం ఆదివారం పెట్టొద్దు. మాకు క్లాసుంది."