ఒక పాటకు ఒకే రసం

జర్మనీలోని లూనెబర్గ్‌లో నవంబరు సాయంత్రం మధ్యాహ్నానికే వచ్చి కూర్చుంటుంది. ఆ రోజూ పొగమంచు నది మీంచి లేచి కిటికీ అద్దాలకు అతుక్కుంది. చర్చిలో సంగీతం నేర్పే గాట్‌హిల్ఫ్ గురువుగారు పోయి నెల తిరగలేదు. ఆయన ఇంటి గదిలో ఇంకా ఆయన పొగాకు వాసన, మైనం వాసన.

ఆ ఊరి ఆనవాయితీ ప్రకారం ఆయన కొలువు దక్కినవాడే ఆయన కూతురు గెజీనేను పెళ్లాడాలి. శిష్యుడు వెండెలిన్‌కు కొలువు మీద ఎంత మోజో తెలీదు గానీ, గెజీనే కోసమైతే చర్చి గంటకు వేలాడమన్నా వేలాడతాడు. ఆదివారం పెద్దల ముందు వాయించి మెప్పించాలి. లేదంటే ఇంకెవడో వచ్చి కొలువునూ, పిల్లనూ ఎగరేసుకుపోతాడు.

అందుకే గురువుగారి క్లావికార్డ్ ముందు కూర్చున్నాడు. బల్లమీద పెట్టుకునే పెట్టె వాద్యం అది. పక్కింటి పిల్లి ఆవలించినా ఈ వాద్యం గొంతు వినబడదు. వేలికింది చెక్క మెట్టు నొక్కినంతసేపే మోగుతుంది. వేలెత్తితే తీగ మూగబోతుంది. నొక్కిన వేలినే కాస్త ఊపితే, స్వరం ఏడుపు దిగమింగినట్టు వణుకుతుంది.

"నాన్న రాసిన శోకగీతమా?" గెజీనే శాలువా కప్పుకుని దగ్గరికి జరిగింది.

"సగందాకా. ఆ తర్వాత గంతులేయిస్తా చూడు."

"ఓయ్ మొద్దూ! ఒక పాటకు ఒకే రసం. ఏడుపుతో మొదలైంది ఏడుపుతోనే ముగియాలి. నీ వీపు మీద బెత్తంతో రాసి మరీ చెప్పాడుగా!"

"మీ నాన్న కాలంలో పొద్దున ఏడుపందుకుంటే దీపాలు పెట్టేదాకా ఏడ్చేవాళ్లు కాబోలు. ఇప్పుడు మనం ముక్కు చీదుకుంటూనే నవ్వేస్తున్నాం."

వాయించాడు. ఆమె కళ్లు నిండాయి. సరిగ్గా అక్కడే పాటను చిలిపి నడకలోకి తిప్పాడు. గెజీనే కన్నీళ్లు తుడుచుకుంటూ ఫక్కున నవ్వింది.

నవ్వుతూనే ఉంది.

"చాల్లేవే, అంత బావుందా?" అని అతను మెట్ల మీంచి చేతులు తీసేశాడు.

తీగ ఆగలేదు.

మెట్ల మీద వేలు లేదు. అయినా స్వరం మోగుతోంది... సన్నగా... వణుకుతూ... పొగాకు వాసన ఇప్పుడే ఎవరో వదిలినట్టు వెచ్చగా ముఖానికి తగిలింది.

"ఆపు..." నవ్వుల మధ్య గెజీనే గుసగుసలాడింది. "ఈ నవ్వు... నాది కాదు... ఊపిరి..."

ఆమె పెదాలు నీలంగా మారుతున్నాయి.

పాటను వెనక్కి తేవాలి. శోకంలోకి. వెండెలిన్ మెట్లు నొక్కాడు. కింది నుంచి ఏదో ఎదురు నొక్కింది. చల్లగా. వేలికి వేలు ఆనించినట్టు. అతను వదల్లేదు. పళ్లు బిగించి, ఒక్కో స్వరాన్నీ తోసుకుంటూ, గురువు రాసిన ముగింపు దాకా ఈడ్చుకొచ్చాడు. ఆఖరి మెట్టు... వేలెత్తాడు.

తీగ మూగబోయింది.

గెజీనే నవ్వు వెక్కిళ్లుగా విరిగి ఆగిపోయింది. దీర్ఘంగా ఊపిరి పీల్చుకుంది. పెదాలకు రంగొచ్చింది.

"బతికించావురా మొద్దూ..."

వెండెలిన్ ఆమె ఒళ్లో తల దాచుకుని భోరుమన్నాడు. ఆమె అతని జుట్టు నిమిరింది. ఉన్నట్టుండి ఆ చెయ్యి ఆగింది.

"వెండెలిన్..."

"ఊఁ..."

"ఎందుకు నవ్వుతున్నావు?"

అతను నోటి మీద చెయ్యి పెట్టుకుని చూసుకున్నాడు. పెదాలు గట్టిగా మూసే ఉన్నాయి.

నవ్వు మాత్రం ఆగలేదు.