టచింగ్ చేయని ఫోటో

రాసుకో తల్లీ. మీ నాన్నమ్మ నన్ను మొదటిసారి తిట్టింది అరవై ఎనిమిదిలో, జర్మనీలోని ష్వైన్‌ఫర్ట్‌లో, ఒక కోట గోడ కోసం.

నాకు చదువు లేదు. తెనాలి స్టూడియోలో నెగెటివ్‌ల మీద పెన్సిల్‌తో మచ్చలు, మొటిమలు మాయం చేసేవాణ్ణి, దాన్నే టచింగ్ అనేవాళ్లం. ఆ చేతిపని నచ్చి ఒక జర్మన్ ఫోటోగ్రాఫర్ తన షాపుకు తెచ్చుకున్నాడు. అక్కడికి ఊర్మిళ వచ్చింది. ఆ ఊళ్లోనే ఉండే డాక్టర్ భాస్కరమూర్తిగారి చెల్లెలు, మ్యూజియంలో పని. నూరేళ్ల కిందట తీసిన పాడుబడ్డ కోటల గాజు నెగెటివ్‌లు తెచ్చి, ఎగ్జిబిషన్‌కు పెద్ద ప్రింట్లు కావాలంది.

నేను శ్రద్ధగా చేశాను. బురుజు పగుళ్లు పూడ్చాను. గోడల మీద మొలిచిన చెట్లు తీసేశాను. కోట పెళ్లికొడుకులా తయారైంది.

ఆమె ప్రింటు దగ్గరికి లాక్కుని చూసింది. కనుబొమ్మ మీద చిన్న గాటుండేది. కోపమొస్తే అది పైకి లేచేది.

"కోటను మళ్లీ కట్టేశారేంటండీ?"

"పగుళ్లు బాగోలేవనండి..."

"ఆ పగుళ్లు చూసుకోడానికే కదండీ జనం వచ్చేది. పోయినదాన్ని తలుచుకోడానికే ఆరోజుల్లో కెమెరాలు మోసుకుని ఆ కోట కొండెక్కారు."

నేను దిద్దినవి కాపీలే, అసలు నెగెటివ్‌లు భద్రంగానే ఉన్నాయి. మూడు రోజులు మళ్లీ ప్రింట్లు వేశాను. ఆమె పక్కనే స్టూలు మీద కూర్చుని, ఫలానా పగులేదీ, ఎక్కడ దాచారూ అని ఏడిపించేది. ఎగ్జిబిషన్‌లో ఒక ముసలావిడ ఆ బురుజు ముందు నిలబడి కళ్లు తుడుచుకుంది. అప్పుడుగానీ నాకు అర్థం కాలేదు.

చలి మొదలయ్యాక డాక్టరుగారు చెల్లెల్ని షాపుకు తీసుకొచ్చారు. గుంటూరు సంబంధానికి ఫోటో పంపాలట, గాటు కనబడకూడదట. సరేనన్నాను. ఫోటో తీస్తుంటే ఊర్మిళ కెమెరా వైపు కాకుండా నావైపే చూసింది.

పెన్సిల్ చెక్కి కూర్చున్నాను. గాటు దాకా వచ్చి చెయ్యి ఆగిపోయింది.

మర్నాడు ప్రింటు చూసి డాక్టరుగారు ముఖం చిట్లించారు. "గాటు అలాగే ఉందేంటయ్యా?"

"అది తీసేస్తే అమ్మాయిగారు కారండి. నా వల్ల కాదు."

ఊర్మిళ ఫోటో అందుకుని బ్యాగులో పెట్టుకుంది. "ఇది గుంటూరు పంపొద్దన్నయ్యా. నన్ను గాటుతో సహా చూసినాయన ఇక్కడే ఉన్నారు."

డాక్టరుగారు ఇద్దర్నీ మార్చి మార్చి చూశారు.

"వంట వచ్చా?" అన్నారు నాతో.

"పప్పుచారు పెడతానండి."

"ఆదివారం ఇంటికి రా."

ఎన్ని ఆదివారాలు పప్పుచారు పెట్టాక సరేనన్నారో మీ నాన్నమ్మనే అడుగు. ఆ ఫోటోయే గోడ మీదున్నది. అద్దం కాస్త పగిలింది. కొత్తది వేద్దామంటే ఆవిడ ఒప్పుకోదు.