తోక తీసేసి చూశారా?

"తోక తీసేసి చూశారా?"

వెనక వరసలోంచి వచ్చిన ఆ ప్రశ్నకు సెమినార్ హాలంతా ఘొల్లుమంది. వేదిక మీద నిలబడ్డ ఆమెకు ఒళ్లు మండింది.

జీవకణంలో చాలా ఎంజైములకు కోఎంజైములనే చిన్న అణువుల తోడు కావాలి. వాటిలో ఒకదానికి ఆర్‌ఎన్‌ఏ ముక్క తోకలా వేలాడుతుంది. ప్రోటీన్లు పుట్టకముందు ఆర్‌ఎన్‌ఏదే రాజ్యమనీ, ఆ రాజ్యం పోయినా తోక మిగిలిందనీ, ఇప్పుడది ఉత్త అలంకారమనీ ఆమె వాదన. ఏళ్ల తరబడి చేసిన పరిశోధన. నిన్నగాక మొన్న చేరిన కెమిస్టు అడిగే మాటా అది?

మర్నాడు అతని బల్ల ముందు ప్రత్యక్షమైంది.

"రండి సార్, తీసేసే చూద్దాం."

"అయ్యో, నేనేదో సరదాకి..."

"నేను సరదాకి పిలవలేదు."

ఎంజైము ఊసే లేకుండా, తొలినాటి భూమి మీదలాగా నికెల్ పొడి, హైడ్రోజన్‌తో ప్రయోగం. ఒక సీసాలో తోకున్నది, ఇంకోదాంట్లో తోక లేనిది. కిటికీ అవతల వాన. ఇద్దరూ కాఫీ తాగుతూ ప్రతిదానికీ దెబ్బలాడుకున్నారు. దెబ్బలాట లేని రోజు ఆమెకు ఏమీ తోచేది కాదు.

ఫలితం వచ్చింది. తోక లేనిది హైడ్రోజన్‌ను అతిగా పట్టుకుని పాడైపోయింది. తోకున్నది కావలసినంతే తీసుకుని ఆగింది. ఆమె వాదన నీరుగారిపోయింది.

ఆ రోజునుంచి అతను కనిపిస్తే ఒట్టు! గెలిచిన గర్వమనుకుంది. చివరికి మెట్ల మీద పట్టుకుంది.

"గెలిచినవాళ్లు మొహం చాటేయడం ఎక్కడా చూళ్లేదండీ."

"మీ కష్టమంతా నా నోటిదురదకి బలైపోయింది. ఏ మొహం పెట్టుకుని రమ్మంటారు?"

ఆమె కోపం చల్లారిపోయింది.

"ఏడ్చాను, నిజమే. కానీ అలంకారమనుకున్నది కాపలా కాస్తోందని తెలిసింది. ఇది అంతకన్నా మంచి కథ. మీరు పక్కనుంటే రాస్తాను."

అతను తల దించుకున్నాడు. "అసలు ఆ రోజు నాకు సందేహమే లేదండీ. టాక్ అయిపోతే మీరు వెళ్లిపోతారని... నోటికొచ్చింది అడిగేశా."

ఆమె నవ్వుతూనే ఇంటికి ఫోన్ చేసింది. "అమ్మా, ఒకాయన్ని తీసుకొస్తున్నా."

"రోజూ తిట్టిపోస్తావే, ఆ అబ్బాయేనా?"

"నీకెలా తెలుసు?"

"తిట్టేటప్పుడు నీ గొంతు నువ్వు వినలేదుగా! తీసుకురా. మీ నాన్నకి నేను చెప్తాలే."

ఫోన్‌లో మాటలు వినబడి అతని చెవులు ఎర్రబడ్డాయి. "నన్ను రమ్మంటారా మరి?"

"రా," అంది.

‘మీరు’, ‘అండీ’ ఆ మెట్ల మీదే ఉండిపోయాయి.